నడినెత్తిన కూర్చున్న కచేరీ

కడప ఎండలకు భయపడి మధ్యాహ్నాలు ఇంట్లోనే హెడ్‌ఫోన్లు పెట్టుకుని కచేరీలు వింటాను. మొన్న ఎడమన ఉండాల్సిన వయొలిన్, కుడిన మోగాల్సిన మృదంగం గాత్రంతో కలిసి నడినెత్తిన కూర్చున్నాయి. వైరు పోయిందనుకుని ఏడురోడ్ల దగ్గర కొత్తది కొన్నాను. డబ్బు దండగ.

చివరికి ఎడమ కప్పు పక్కకు జరిపి కుడి చెవితోనే విన్నాను. వయొలిన్ ఏమీ తగ్గలేదు! అంటే రెండు వైపులకూ ఒకే ధ్వని వెళుతోంది. ఫోను సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ తెరిస్తే ‘మోనో ఆడియో’ ఆన్‌లో ఉంది. ఒక చెవి సరిగా వినపడని నాన్న కోసం సంక్రాంతికి నేనే పెట్టి మరిచిపోయాను. ఆపగానే వయొలిన్ ఎడమకు జరిగింది.

ఎడమ నుంచి వచ్చే శబ్దం కుడి చెవికి సెకనులో వెయ్యో వంతు లోపు ఆలస్యంగా, తల అడ్డుపడి కాస్త తగ్గి చేరుతుంది. మెదడు దిక్కును పోల్చుకునేది ముఖ్యంగా ఈ తేడాలతోనే. స్పీకర్ల ధ్వని రెండు చెవులకూ అందుతుంది. హెడ్‌ఫోన్లలో ఎడమది ఎడమకే. అందుకే మృదంగం చెవికి అతుక్కున్నట్టుంది. ఒక వైపు ధ్వనిని కాస్త రెండో వైపుకూ కలిపే ‘క్రాస్‌ఫీడ్’ను ప్లేయరులో కొద్దిగా పెంచితే భుజం దాకా దిగింది. ఎదురుగా వేదిక మీదికి మాత్రం ఇంకా రాలేదు.