ఎండిన బోరుకు ఇంకుడు గుంత: జాలి చుట్టడమే అసలు పని

బోరు ఎండగానే పక్కనే ఇంకోటి, ఇంకో మూడు వందల అడుగులు లోతుకు వేయించడం నల్లగొండ జిల్లాలో మామూలే. లోతుకు పోయేకొద్దీ గ్రానైటు పొరల్లో ఏళ్ల తరబడి నిలిచి, ఫ్లోరైడ్ కలిసిన నీళ్లు తగులుతాయి. మునుగోడు, మర్రిగూడ వాళ్లకు ఫ్లోరైడ్ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. కొత్త బోరుకు పెట్టే డబ్బులో కొంత పాతదాని చుట్టూ గుంతకు పెట్టండి, స్లాబు మీది వాన నీళ్లు అందులోంచి బోరులోకి దిగుతాయి. 100 చదరపు మీటర్ల స్లాబు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు.

మోటరు తీసేసిన బోరే ఎంచుకోండి. నడిచే బోరుకు రంధ్రాలు వేస్తే లోపలి పైపో, కేబులో తెగుతుంది. సెప్టిక్ ట్యాంకు దగ్గర్లో ఉంటే ఈ పనే పెట్టుకోవద్దు.

కేసింగ్ (బోరులో దించిన పైపు) చుట్టూ ఆరడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తవ్వించండి. జేసీబీ వద్దు, గడ్డపార, పార చాలు. బకెట్ ఒక్కసారి తగిలితే కేసింగ్ పగులుతుంది. దుబ్బ నేలైతే అంచులు ఏటవాలుగా తీయాలి, లేదంటే మనిషి మీద కూలుతాయి.

ఇక జాలి. ఎక్కువ గుంతలు చెడేది ఇక్కడే. గుంతలో బయటపడ్డ కేసింగ్‌కు కింది మూడడుగుల్లోనే, అడుగున అరడుగు వదిలి రంధ్రాలు వేయాలి, పైన ఒక్కటీ ఉండొద్దు. 6 మిల్లీమీటర్ల బిట్టుతో, రెండేసి అంగుళాల ఎడంతో, వరస తప్పించి వేయండి. ఒకే గీత మీద వేస్తే పైపు ఆ గీత వెంబడే చీలుతుంది. రంపంతో కోతలు పెట్టేవాళ్లను పనిలోకే పిలవొద్దు.

తర్వాత నైలాన్ దోమల జాలి మూడు చుట్లు. "ఏం కాదన్నా, ఒక చుట్టు సరిపోతది" అంటాడు మేస్త్రీ. సరిపోదు. రంధ్రాలకు పైన, కింద అరడుగు దాటి జాలి ఉండాలి, కొసలు ఒకదానిమీదొకటి ఎక్కాలి. అరడుగుకో కట్టు నైలాన్ తాడుతో వేయాలి. బైండింగ్ వైరు తుప్పుపట్టి జాలినే కోస్తుంది. ఆ సందులోంచి మట్టి దిగితే బోరు అడుగు నుంచి పూడుతూ వస్తుంది, మళ్లీ ఫ్లషింగ్ చేయించి మట్టి తీయించాల్సిందే.

జాలి కట్టాక ట్రాక్టర్‌తో రాళ్లు గుమ్మరించడం ఇంకో దరిద్రం. జారిన రాయి జాలిని చీల్చేస్తుంది. కేసింగ్ చుట్టూ జానెడు మేర కంకర చేతితో పేర్చి, ఆ తర్వాతే మిగతాది నింపండి. అడుగున పెద్ద రాళ్లు, దానిపైన 40 ఎం.ఎం. కంకర, తర్వాత 20 ఎం.ఎం., అన్నిటికీ పైన అడుగు మందం దొడ్డు ఇసుక. క్రషర్ డస్టు (కంకర మిషను రాతిపొడి) చవక అని పోస్తే సిమెంటులా గట్టిపడుతుంది, నీళ్లు పైనే నిలుస్తాయి.

స్లాబు పైపు గుంతలోకి వదలండి. తొలి వాన నీళ్లు మాత్రం బయటికే పోవాలి. ఏటా మిరుగు (మృగశిర కార్తె) లోపల పై ఇసుక జానెడు తీసి, కడిగి మళ్లీ పోయాలి. బోరు మూతికి గోనెసంచి కట్టి వదిలేయొద్దు, పిల్లలు తిరిగే చోటు. కేసింగ్ సైజు మూత దొరుకుతుంది, వేసి బోల్టులు బిగించండి.