పొద్దున మొదటి అడుగుకే మడమ నొప్పి: చెప్పులు చూశారా, పిక్క చూశారా?

మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ అడుగున మేకు దిగినట్టు ఉంటుంది. పది అడుగులు నడిస్తే సర్దుకుంటుంది. కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ అదే నొప్పి. మడమ నుంచి వేళ్ల దాకా అరికాలిలో సాగే దళసరి పట్టీ, అంటే ప్లాంటర్ ఫేసియా, మడమకు అతుక్కునే చోట దెబ్బతింటే ఇలా ఉంటుంది.

నొప్పి మాత్రలకు ముందు రోజూ వేసుకునే చెప్పులను బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి. మడమ ఒక పక్కకు అరిగిందా? వంచితే వేళ్ల దగ్గర కాకుండా నడిమికి మడిచిపోతోందా? అయితే మార్చండి. ఇంట్లో గచ్చు మీద కూడా ఉత్త కాళ్లతో తిరగకండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కటి చూడకుండానే వస్తారు.

చెప్పులు మార్చినా తగ్గలేదంటే పిక్క సంగతి చూడాలి. నేను పొరబడింది ఇక్కడే. ఒకామెకు నెలల తరబడి మడమకే వైద్యం చేశాను. మెత్తలు మార్చాను, ఐసు పెట్టించాను. నొప్పి తగ్గినట్టే తగ్గి తిరగబెట్టేది. ఒకరోజు ఆమె మోకాలు చాపించి పాదాన్ని పైకి నెట్టాను. లంబకోణం దగ్గరే ఆగిపోయింది. మోకాలు వంచి నెడితే సులువుగా పైకి వచ్చింది. పిక్కలో పై కండరం మోకాలికి పైనే మొదలవుతుంది కాబట్టి మోకాలు వంచితే వదులవుతుంది. అది బిగిసి ఉంటే ప్రతి అడుగులో మడమను వెనక నుంచి పైకి లాగుతుంది, ఆ భారం అరికాలి పట్టీ మీద పడుతుంది. ఆ పరీక్షకు అర నిమిషం చాలు. మొదటి రోజే చేసి ఉంటే ఆమెకు అన్ని నెలల బాధ ఉండేది కాదు.

పిక్కను సాగదీయడానికి గోడకు రెండు చేతులూ ఆనించి, నొప్పి ఉన్న కాలు వెనక్కి పెట్టండి. మోకాలు నిటారుగా, మడమ నేలకు ఆని, వేళ్లు సూటిగా గోడ వైపు ఉండాలి. ముందుకు వాలి 30 సెకన్లు ఆగండి. మూడుసార్లు, రోజుకు రెండు పూటలా చేయాలి. ఎక్కువమంది పాదాన్ని బయటికి తిప్పేస్తారు, అప్పుడు సాగాల్సింది సాగదు. పొద్దున మంచం దిగకముందే కాలి వేళ్లను చేత్తో మీ వైపుకు లాగి 10 సెకన్లు పట్టుకోండి, అలా పదిసార్లు. రెండు వారాలకే విసుగుపడి మానేయకండి. దీనికి నెలలు పడుతుంది, కానీ చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది.

ఎక్స్‌రేలో ఎముక ముల్లులా పెరిగిందని కంగారుపడకండి, నొప్పి లేనివాళ్లలోనూ అది కనిపిస్తుంది. మంట, తిమ్మిరి ఉంటే నరం నొక్కుకుపోయి ఉండవచ్చు, అది అరుదు. మడమను రెండు పక్కల నుంచి నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి వస్తే మాత్రం ఈ వ్యాయామాలు ఆపేయండి, ఎముకలో సన్నని పగులు ఉండవచ్చు. మధుమేహం ఉండి పాదంలో స్పర్శ తగ్గినవాళ్లు ఇవేవీ సొంతంగా మొదలుపెట్టకుండా ముందు పాదాలు డాక్టరుకు చూపించుకోండి.