యమహానా, జుపిటరా? ఆల్టో సాక్సోఫోన్ కొనేముందు వాయించి చూడాల్సినవి

నేర్చుకోవడానికి మొదటి ఆల్టో కొనేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "యమహా 280 తీసుకోమంటారా, జుపిటర్ 500 తీసుకోమంటారా?" రెండూ కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చేసినవే, రెండిటికీ పై ఎఫ్ షార్ప్ (బాగా పై స్వరం) పలికించే కీ ఉంది. కేటలాగు ముందేసుకుని కూర్చుంటే ఎంతసేపైనా తేలదు. షాపుకెళ్లి వాయించాలి. మీకింకా రాకపోతే వాయించేవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లండి.

వెళ్లేటప్పుడు ఒకే మౌత్‌పీస్ (నోట్లో పెట్టుకుని ఊదే భాగం), ఒకే రీడ్ (దానికి బిగించే పలచటి బద్ద) పట్టుకెళ్లండి. ఇది మాత్రం మరిచిపోవద్దు. డబ్బాలో వచ్చే మౌత్‌పీస్ ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. ఎవరిది వాళ్లకి పెట్టి వాయిస్తే మీరు పోల్చేది మౌత్‌పీసుల్నే. సాక్సోఫోన్ మెడ మీద, అంటే మౌత్‌పీస్ తగిలించే గొట్టం మీద, కార్క్ మందం కూడా మారుతుంది కాబట్టి, మార్చినప్పుడల్లా కాస్త గ్రీజు రాసి, శ్రుతి కలుపుకుని మొదలుపెట్టండి.

శ్రుతికి ఫోన్లో తంబూరా యాప్ చాలు, రెండున్నరకి పెట్టండి. ఆల్టో మీద సి అని పట్టుకునే స్వరం పలికేది ఇ-ఫ్లాట్ (E♭), అంటే మన రెండున్నర. ఆ సి ని షడ్జమం చేసుకుని, కింది స్థాయి నుంచి మాయామాళవగౌళలో సరళీ స్వరాలు నెమ్మదిగా వాయించండి. ఆల్టోలో తరచూ పేచీ పెట్టే చోట్లు చాలావరకు ఈ ఒక్క రాగంలో బయటపడతాయి.

ఎలాగంటే, కింది రిషభం, ధైవతం, మంద్ర నిషాదం మూడూ ఎడమ చిటికెన వేలి కీల మీదే ఉన్నాయి. స నుంచి రి కి, రి నుంచి కింది ని కి వెళ్లి రండి. ఒకదాంట్లో వేలు సాఫీగా జారుతుంది, ఇంకోదాంట్లో చెయ్యంతా కదపాల్సి వస్తుంది. పన్నెండేళ్ల పిల్లల చేతికి ఈ తేడా చాలా పెద్దది. మంద్ర నిషాదాన్ని బలంగా ఊదితే ఏ వాయిద్యమైనా పలుకుతుంది, మెల్లగా ఊదినప్పుడు పలకాలి. గొంతు జీరపోయినా, పై స్థాయికి ఎగిరినా ఎక్కడో ప్యాడ్ (రంధ్రాన్ని మూసే మెత్తటి బిళ్ల) సరిగా మూసుకోవడం లేదన్నమాట. యమహా 280లో బి (మన ని), సి షార్ప్ (మన రి) కీలని కలిపే చోట సర్దుకునే ఏర్పాటుంది. మంద్ర నిషాదం మొరాయించేది చాలాసార్లు అక్కడే కాబట్టి నాకది బాగా నచ్చింది.

ధైవతం ప్యాడ్ ఎప్పుడూ మూసే ఉంటుంది, నొక్కితే తెరుచుకుంటుంది. ఊపిరి తడికి అది అతుక్కుంటే ద అనాల్సిన చోట ప వినిపిస్తుంది. కొత్తదానికీ అలా అవుతుంది, పలచటి కాగితంతో తుడిస్తే సరిపోతుంది. దానికోసం బేరం వదులుకోవద్దు.

పై రిషభానికి వేళ్లన్నీ ఎత్తేస్తాం. ఏ ఆల్టోలోనైనా అది కాస్త పలచగా, దిగువగానే పలుకుతుంది. తంబూరా వింటూ, పెదవితో ఎంత సర్దితే శ్రుతిలోకి వస్తోందో చూడండి. తక్కువ శ్రమతో వచ్చేదే మంచిది. తర్వాత శంకరాభరణం అందుకుంటే రిషభం డి అవుతుంది, వేళ్లన్నీ మూయాలి. అది బరువుగా, కొంచెం ఎగువగా ఉంటుంది. పక్కపక్కనే ఉన్న ఈ రెండు స్వరాల గొంతు ఎందులో దగ్గరగా వినిపిస్తే నా ఓటు దానికే. గమకం ఎక్కువగా పెదవి, మౌత్‌పీస్ చేసే పని. బ్రాండు మారిస్తే గమకం వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇంకా డబ్బు పెట్టగలిగితే యానగిసావా ఉంది. ఆ కంపెనీ సాక్సోఫోన్లు తప్ప వేరే వాయిద్యాలు చేయదు. సెల్మర్ అన్న పేరు చూడగానే పేరున్న పారిస్ కంపెనీదే అనుకోవద్దు. అమెరికాలో కాన్-సెల్మర్ అని వేరే కంపెనీ ఉంది. వాయిద్యం చివర వెడల్పుగా విచ్చుకునే గంట మీద హెన్రీ సెల్మర్ పారిస్ అని చెక్కి ఉందేమో చూడండి.

మీ ఊరి బ్యాండు వాళ్లు రిపేరుకి ఎవరి దగ్గరికి వెళ్తారో కనుక్కుని, యమహా, జుపిటర్ రెండిట్లో దేని ప్యాడ్లు, స్ప్రింగులు ఆయన దగ్గర దొరుకుతాయో అడగండి. అన్నీ సమానమైతే నేను యమహా వైపే మొగ్గుతాను. కానీ మీ ముందున్న జుపిటర్‌లో మంద్ర నిషాదం మెత్తగా పలికిందంటే అదే తీసుకోండి. ఒకే మోడల్‌లో కూడా రెండు పీసులు ఒకేలా ఉండవు. అందుకే వాయించి ఎంచుకున్నదాని సీరియల్ నంబరు బిల్లు మీద వేయించుకోండి. లోపలి నుంచి కొత్త డబ్బా తెచ్చిస్తామంటే వద్దని, ఇదే కావాలని గట్టిగా చెప్పండి.