తల్లిగారింటి భూమిలో ఆడబిడ్డ వాటా: అడగడం నుంచి పాసుపుస్తకం దాకా

నాయన పోయిన పదకొండో రోజు సాయంత్రం, చుట్టాలు ఇంకా వాకిట్లో ఉండగానే, మా అన్న ఒక కాగితమూ ఇంకు ప్యాడూ తెచ్చి ముందర పెట్టాడు. “సంతకం పెట్టు చెల్లె, పాసుబుక్కు మార్పియ్యాలె, లేకుంటె రైతుబంధు ఆగుతది” అన్నాడు. నేను చదవకుండానే పెట్టాను. అమ్మది వేలిముద్ర. ముప్పై ఏళ్లు పత్తి ఏరిన ఆ బొటనవేలు పగుళ్లుబారి ఉండటంతో ముద్ర సరిగా పడక మూడుసార్లు అద్దించారు. భూమిలో మాకు వాటా వద్దని మేమిద్దరం ఒప్పుకున్నట్టు అందులో రాసి ఉందని తర్వాత తెలిసింది. పరకాల, నర్సంపేట, హుజూరాబాద్ వైపు ఊళ్లలో ఇలాంటి కాగితం ముందు కూర్చోబోయే ఆడబిడ్డల కోసం, నాకు ఆలస్యంగా తెలిసిన సంగతులు రాస్తున్నాను.

ముందుగా మీ హక్కు ఎంతో తెలుసుకోండి. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే ఆయన స్వార్జితం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకు కూడా సమానంగా వస్తుంది. అంటే ఆ రోజు వేలిముద్ర వేసిన మా అమ్మకు కూడా నాతో, అన్నతో సమానమైన వాటా ఉంది. ఇక పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో పాటు పుట్టుకతోనే హక్కు ఉంటుందని 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన సవరణ చెప్పింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండనవసరం లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కూతురికి పెళ్లయిందా లేదా అన్నది చట్టం చూడదు. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రంతోనో కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాలను ఈ సవరణ తిరగదోడదు. స్వార్జితాన్ని తండ్రి తన ఇష్టం వచ్చినవారికి వీలునామా రాయవచ్చు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల్లోని షెడ్యూల్డ్ తెగల కుటుంబాలకు ఈ చట్టం నేరుగా వర్తించదు, ముస్లిం, క్రైస్తవ కుటుంబాల లెక్కలు వేరు. అలాంటివారు లాయరును కలిసిన తర్వాతే అడుగు వేయాలి.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా వాటా అడగటానికి నోరు రాకపోవడానికి కారణం ఇంట్లోనే ఉంది. చిన్నప్పటి నుంచి మనం విన్న మాట “ఆడపిల్ల అంటే ఆడి పిల్లనే, ఈడి పిల్ల కాదు” అన్నది. ఆ ఒక్క మాట పదేళ్ల పిల్లను పుట్టిన ఇంట్లోనే అతిథిని చేస్తుంది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి పంటను కాపాడుకున్న నేల ఇది. ఆమె విగ్రహానికి దండ వేసే ఊళ్లోనే కూతురు తన మడి గురించి అడిగితే తప్పు పని చేసినట్టు చూడటం నన్ను చాలా బాధపెడుతుంది.

కాబట్టి మాట ఎలా మొదలుపెట్టాలన్నది కాగితాల కంటే ముఖ్యం. అడగడానికి మంచి సమయం నాయన బతికి, ఆరోగ్యంగా ఉన్నప్పుడే. బతుకమ్మకు తల్లిగారింటికి వచ్చినప్పుడు, పండుగ హడావుడి తగ్గిన మరునాడు, తల్లీ తండ్రీ అన్నదమ్ములూ అందరూ ఉండగా “నాయనా, భూమి ఎట్ల పంచుదామనుకుంటున్నవు” అని మీరే అడగండి. మీ భర్తతో మాత్రం అడిగించకండి, ఆయన నోరు తెరిచిన క్షణం నుంచి అది అల్లుడి ఆశగా మారిపోయి మీ హక్కు అన్న సంగతే పక్కకు పోతుంది.

మూడు జవాబులు తప్పకుండా వస్తాయి, వాటికి సిద్ధపడి వెళ్లండి. మొదటిది “నీకు కట్నం ఇచ్చినం, పసుపుకుంకుమల కింద బంగారం పెట్టినం” అన్నది. కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 నుంచి నేరం, దాన్ని వారసత్వ వాటాలో మినహాయించుకోవాలని ఏ చట్టంలోనూ లేదు. పైగా ఆ డబ్బు మీ చేతికి రాలేదు, అత్తగారింటికి పోయింది. రెండోది “సేద్యం చేసేది మగపిల్లగాడు” అన్నది. దీనికి జవాబుగా ఇంట్లో పని లెక్క చెప్పండి. నాటు వేసేది, కలుపు తీసేది, నడుముకు ఒడి కట్టుకుని ఎండలో పత్తి ఏరేది ఎవరు? ఆ పత్తి ఏనుమాముల మార్కెట్ యార్డుకు చేరాక తక్‌పట్టీ (పంట అమ్మిన లెక్క రసీదు) మీద మాత్రం మగవారి పేరే ఉంటుంది. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాలు ఆడవారి చేతిలో ఉన్నది సుమారు 14 శాతమే. ఈ సంఖ్య ఇంత తక్కువగా ఉన్నది ఆడవారు సేద్యం చేయకపోవడం వల్ల కాదు, కాగితం మీద వారి పేరు లేకపోవడం వల్ల.

మూడోది అన్నిటికంటే కష్టమైనది: “వాటా తీసుకుంటే రేపు ఒడిబియ్యం ఎవరు పోస్తరు, తల్లిగారిల్లు ఉండదు” అన్న బెదిరింపు. ఈ భయం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసేయమని నేను చెప్పను. కానీ వాటా మీ పేరున రాయించుకుని, సేద్యాన్ని అన్నకే కౌలుకు వదలవచ్చు. ఇల్లు మొత్తం అన్నకే వదిలి భూమి మాత్రం తీసుకోవచ్చు. కొంత తక్కువకు ఒప్పుకోవాలనుకున్నా అది మీకు తెలిసి, లెక్క చూసుకుని, కాగితం మీద రాసుకుని చేసినది కావాలి. ఎవరో అద్దించిన వేలిముద్ర వల్ల మాత్రం పోకూడదు.

తర్వాత కాగితాలు. భూమి ఎవరి నుంచి ఎలా వచ్చిందో చూపించే పాత పహాణీలు (ఏ భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో రాసే రెవెన్యూ రికార్డులు), దొరికితే 1954–55 నాటి ఖాస్రా పహాణీ నకలు తీసుకోండి. తాత పేరున ఉన్నదంతా పిత్రార్జితం కాకపోవచ్చు, అందుకే వీటిని ఒక లాయరుకు చూపించాలి. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీయిస్తే భూమి ఇప్పటికే అమ్ముడుపోయిందా, కుదువ పడిందా అన్నది తెలుస్తుంది. తండ్రి బతికి ఉంటే మండల తహశీల్దారు కార్యాలయంలో మీ వాటా మేరకు గిఫ్ట్ డీడ్ రిజిస్టరు చేయించడమే అన్నిటికంటే శుభ్రమైన దారి. ఆ పత్రం మీ పేరునే ఉండాలి, మీ భర్త పేరున కాదు.

తండ్రి చనిపోయి ఉంటే విరాసత్, అంటే భూమి రికార్డులో వారసుల పేర్లు ఎక్కించే పని, చేయించాలి. భూమి రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది, దరఖాస్తు అందులోనే పెట్టాలి. మరణ ధృవీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం, పాత పాసుపుస్తకం, ఆధార్ సిద్ధంగా ఉంచుకోండి. కుటుంబ సభ్యుల పత్రంలో మీ పేరు, మీ అక్కచెల్లెళ్ల పేర్లు ఉన్నాయో లేదో కళ్లారా చూసుకోండి, ఎందుకంటే పెళ్లయిన కూతుళ్ల పేర్లు వదిలేసే అలవాటు ఇప్పటికీ పోలేదు. అన్నదమ్ములు మీకు చెప్పకుండా దరఖాస్తు పెడతారన్న అనుమానం ఉంటే, మీరు కూడా వారసురాలేనని తహశీల్దారుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, ఒక ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకుని దాచుకోండి.

నాలాగా ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే ఆ కాగితం నకలు సంపాదించండి. రిజిస్టరు కాని తెల్లకాగితంతో భూమి హక్కు సాధారణంగా పోదు, కానీ ఆలస్యం చేసేకొద్దీ చిక్కు పెరుగుతుంది. 1987 న్యాయ సేవాధికార చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవారందరికీ లాయరును ఉచితంగా ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు. నేను అక్కడికి వెళ్లిన రోజు బయట బెంచీ మీద నా వయసు ఆడవాళ్లు ముగ్గురు అదే పని మీద కూర్చుని ఉన్నారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దానికి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది. కుదరకపోతే సివిల్ కోర్టులో పంపకాల దావా వేసి, తీర్పు వచ్చేదాకా భూమి అమ్మకుండా ఇంజంక్షన్ అడగాలి.

పాసుపుస్తకం చేతికొచ్చాక సర్వే నంబరు, ఎకరాలు గుంటలు సరిచూసుకోండి. సర్వేయరుతో కొలిపించి హద్దురాళ్లు పాతించండి, ఆ రోజు మీరే పొలంలో నిలబడండి. రైతుబంధు స్థానంలో వచ్చిన రైతు భరోసా డబ్బు పడేందుకు మీ సొంత బ్యాంకు ఖాతా ఇవ్వండి. వయసు 18 నుంచి 59 లోపు ఉంటే రైతు బీమాలో పేరు నమోదు చేయించుకోండి. అన్న కౌలుకు చేస్తున్నా సరే, కౌలు ఎంతో, ఎప్పుడిస్తాడో రాసుకోండి. మీరే సాగు చేసుకుంటే, పత్తి బస్తాలు యార్డుకు పోయే రోజున తక్‌పట్టీ మీ పేరునే రాయాలని అడ్తిదారుకు (కమీషన్ వ్యాపారికి) ముందుగానే చెప్పండి.