దోస్తులు కలిసి ట్రాక్టర్ కిరాయి పని మొదలుపెట్టడం ఎలా?

కోతల కాలంలో మన నల్గొండ జిల్లా మిర్యాలగూడ, హాలియా వైపు తమిళనాడు నుంచి, పంజాబ్ నుంచి కూడా హార్వెస్టర్లు దిగుతాయి. కాబట్టి మొదటి ఏడే కోత మిషన్ జోలికి పోకండి. దానికి పని వానాకాలం, యాసంగి కోతలప్పుడే. ట్రాక్టర్, కల్టివేటర్, రోటవేటర్, ట్రాలీ ఉంటే దుక్కి, దమ్ము, పెంట తోలడం, వడ్లు తోలడం, ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది.

బండి కొనే ముందే కాగితం రాసుకోండి. ఎవరి వాటా ఎంత, బండి ఎవరి పేరు మీద, లోన్‌కు సంతకం ఎవరిది, మధ్యలో ఒకరు తప్పుకుంటే వాటాకు ధర ఎట్లా కట్టాలి, అన్నీ అందులో ఉండాలి. 1932 భాగస్వామ్య చట్టం కింద ఫర్మ్‌ను రిజిస్టర్ చేయించుకుంటే మంచిది. రిజిస్టర్ కాని ఫర్మ్ తనకు రావాల్సిన బాకీ కోసం కోర్టులో దావా వేయలేదు. కాగితం అనగానే మొహం మాడ్చుకునే దోస్తుతో చాయ్ వరకే పెట్టుకోండి. ఇంకోటి, బండి నడిపే దోస్తుకు జీతం వేరు, వాటా వేరు. జీతం ఖర్చు కింద ముందే తీసేయాలి. తొందరగా గొడవొచ్చేది ఇక్కడే.

తర్వాత, నీళ్లను బట్టి పని వరస వేసుకోండి. తొలి వానలకు దేవరకొండ, మునుగోడు మెట్టల్లో పత్తి దుక్కులు. బోర్ల కింద నాట్లు ముందు పడతాయి. సాగర్ ఎడమ కాలువ కింది రైతులు నీళ్లు వదిలేదాకా ఆగుతారు, చివరి ఆయకట్టుకు ఇంకా ఆలస్యం. ఈ వరస పట్టుకుంటే ఒకే ట్రాక్టర్‌తో మూడు చోట్లా చేయొచ్చు.

ఇక లెక్క. గంటల లెక్కన దున్నితే చేలోకి దిగేటప్పుడు, బయటికొచ్చేటప్పుడు ట్రాక్టర్ ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటర్‌ను రైతు ముందే ఫోటో తీయండి. తేడా 2.4 వస్తే రెండు గంటల నలభై నిమిషాలు కాదు, రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. పాయింట్ తర్వాత ఒక్క అంకె అంటే ఆరు నిమిషాలు. ఇది రైతుకు ముందే చెప్పండి, లేకపోతే గట్టు మీదే పంచాయితీ. ఎకరం లెక్కన మాట్లాడితే గుంటలు ముందే ఖాయం చేసుకోండి.

ఉద్దెర లేకుండా ఊళ్లో ఈ పని నడవదు. సగం డీజిల్‌కని అప్పుడే అడగండి, మిగతాది వడ్ల పైసలు పడ్డాక. మిల్లుకు పచ్చి వడ్లు అమ్మే రైతుకు, కొనుగోలు కేంద్రంలో కాంటా కోసం ఆగే రైతుకు పైసలు ఒకేసారి రావు. నోట్‌బుక్‌లో పేరు పక్కన అదీ రాసుకోండి. వసూలుకు ఒక్కరే వెళ్లాలి. నలుగురూ విడివిడిగా అడిగితే, ఎవరికో ఇచ్చేశానన్న జవాబే వస్తుంది.

ట్రాలీలో కూలీలను ఎక్కించుకోవద్దు. 2018 ఏప్రిల్‌లో పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టర్ కాలువలో పడి ఆడవాళ్లు చనిపోయారు. కిరాయికి తిప్పే బండి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ సంగతి కూడా కొనేటప్పుడే ఆర్టీఏ ఆఫీసులో అడిగి తేల్చుకోండి.

లోన్ తీసుకునేటప్పుడు నెలనెలా కిస్తీ వద్దని చెప్పి ఆరు నెలలకోసారి పెట్టించుకోండి. ఒకటి డిసెంబర్‌లో, ఇంకోటి జూన్‌లో పడేలా చూసుకుంటే రెండు పంటల వసూళ్లూ అప్పటికి చేతికొస్తాయి.