మాటల్లో మనిషి – 4వ పాఠం: ‘వచ్చింది’ గొడవ తేలాకే పేర్లు

ఈసారి పిలుపులు, పేర్ల గురించి చెబుతానన్నాను. చెబుతాను గానీ చివర్లో, కొంచెమే. కిందటి పాఠానికి మీరు పంపిన కాగితాలు చూశాక, ముందు వాటి సంగతి తేల్చకుండా ముందుకెళ్ళి లాభం లేదనిపించింది.

కిందటిసారి నేనడిగింది ఇంతే. విశాఖలో ఎక్కడైనా కాసేపు నిలబడి, జనం మనుషుల్ని ఎలా లెక్కపెడుతున్నారో విని రాసుకోమన్నాను. కుర్చీలు రెండు, మనుషులు ఇద్దరు. ఏ బడికీ వెళ్ళని ముసలమ్మ కూడా ‘నలుగురూ ఏటనుకుంటారు’ అంటుంది గానీ ‘నాలుగూ ఏటనుకుంటాయి’ అనదు. ఒక మనిషి ఎప్పుడు ‘ఒకరు’ అవుతాడో, ఎప్పుడు ‘ఒకటి’ అయిపోతాడో పట్టుకోవడమే మనం నేర్చుకుంటున్న విద్య. లింగాలు, వచనాలు మళ్ళీ మొదటినుంచి చెప్పను. ఇంట్లో పిల్లల వ్యాకరణం పుస్తకం ఉంటే తిరగెయ్యండి.

వచ్చిన కాగితాల్లో రెండు రకాల తప్పులున్నాయి. మొదటిది చిన్నది. మధురవాడ వైపు అపార్టుమెంటు కడుతున్నచోట నిలబడ్డ ఒకాయన, “రేపు ఆరుగురు కూలీలను పంపండి” అని మేస్త్రీ ఫోన్లో అన్నట్టు రాశారు. ఏ మేస్త్రీ అలా మాట్లాడతాడండీ? గుచ్చి గుచ్చి అడిగితే అసలు మాట బయటపడింది: “రేపు ఇద్దరు మేస్త్రీలు, ఆరు లేబర్ పంపీ.” బాగుండదని మార్చారట. ఆ మార్పుతో వాక్యంలో ఉన్న సరుకంతా పోయింది. ఒకే ఊపిరిలో మేస్త్రీలు ఇద్దరు, లేబరు ఆరు! ఇటుకలు పేర్చేవాళ్ళు మనుషుల లెక్కలో ఉన్నారు, మోసేవాళ్ళు ఇటుకల లెక్కలోకి పోయారు. విన్నది విన్నట్టు రాయండి. యాసని సరిచెయ్యొద్దు, మర్యాదలు చేర్చొద్దు.

రెండో తప్పే నాకు ఒళ్ళు మండించింది. సగానికి పైగా కాగితాల్లో ఉంది: “తెలుగులో బస్సూ వచ్చింది, అమ్మా వచ్చింది. కాబట్టి మన భాష ఆడవాళ్ళని వస్తువుల్లో కలిపేసింది.” కొందరైతే దీనిమీద పేజీలు పేజీలు వ్యాసాలు రాసి పంపారు. నేను వ్యాసం అడగలేదు.

సరే, నిదానంగా చూద్దాం. అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది, పిల్లి వచ్చింది. ఏకవచనంలో కలిసిన మాట నిజమే. చిన్నయసూరి వ్యాకరణం చదివినవాళ్ళకి మహత్తు (మగవాళ్ళు), అమహత్తు (మిగతా అన్నీ) అన్న మాటలు గుర్తుంటాయి. మరి బహువచనం? బస్సులు వచ్చాయి, పిల్లులు వచ్చాయి, అమ్మలు వచ్చారు. ఇక్కడ ఆడవాళ్ళు మగవాళ్ళతో చేరిపోయారు. లెక్కలోనూ అంతే. ముగ్గురు అత్తలు, ముగ్గురు మామలు. మూడు అత్తలు అని ఎవరైనా అనగా విన్నారా? భాష ఆడదాన్ని వస్తువనుకుంటే, ఇద్దరు ఆడవాళ్ళు కలిసేసరికి వాళ్ళకి మనిషితనం ఎక్కడినుంచి ఊడిపడింది?

ఇంకా నమ్మకం కుదరకపోతే చుట్టుపక్కల చూడండి. తమిళంలో అవన్ వందాన్, అవళ్ వందాళ్, అదు వందదు. మూడూ వేరు. కన్నడంలోనూ ఆమెకి వేరే ముగింపుంది. ఇటు మన అరకు కొండల్లో వినిపించే కువి, కూబి భాషల్లో బహువచనంలో కూడా ఆడవాళ్ళు మగవాళ్ళ ముగింపు కిందికి రారు. (కూబి అంటే కొండదొరల భాష. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదువుకున్న భద్రిరాజు కృష్ణమూర్తి దానిమీద రాసిన వ్యాకరణం 1969లో అచ్చయింది.) మీ లెక్క ప్రకారం తమిళులు ఆడవాళ్ళని నెత్తిన పెట్టుకోవాలి, కన్నడిగులూ అంతే, మనం సగం సగం గౌరవించాలి, కొండమీదివాళ్ళు అసలు లెక్కచెయ్యకూడదు. అలా ఉందా లోకం? ఈ నాలుగు చోట్లా ఆడవాళ్ళ బతుకు చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు.

పొరపాటు ఎక్కడుందంటే, ‘అమ్మ వచ్చింది’ అన్నవాడికి ‘అమ్మ వచ్చాడు’ అనే వీలు లేదు. వీలు లేనిచోట వాడి అభిప్రాయం ఏమీ తెలియదు. వీలుండి కూడా ఒకటి వదిలి ఇంకోటి అన్నప్పుడే వినాలి. అదే వీధిలో, అదే నోటితో ‘టీచరుగారు వచ్చారు’, ‘పనమ్మాయి వచ్చింది’ అన్నాడు చూడండి, అక్కడ చెవి రిక్కించాలి. ఇద్దరికీ ‘వచ్చారు’ అనొచ్చు, ఇద్దరికీ ‘వచ్చింది’ అనొచ్చు. తెలిసే విడదీశాడు. అందుకని ప్రతి వాక్యం పక్కనా ఒక ప్రశ్న వేసుకోండి: ఇంకోలా అనే వీలుందా? లేకపోతే కొట్టేసి తర్వాతి వాక్యానికి పోండి. నా నోట్‌బుక్కులో వీలున్నవాటికి సున్నా చుడతాను, లేనివాటికి ఇంటూ పెడతాను. పెన్సిలే వాడతాను. ఫోన్లో రికార్డు చెయ్యడం నాకు గిట్టదు. ఫోను చూడగానే జనం రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడతారు.

ఈ ప్రశ్నతో కొన్నింటిని తేలుద్దాం.

“మా టామీగాడు పొద్దుట్నించీ అన్నం తినలేదండీ, అలిగాడు.” తినలేదు అన్నచోట వీలులేదు. అలిగాడు అన్నచోట ఉంది, ‘అలిగింది’ అనొచ్చు. సున్నా చుట్టండి. కుక్కని ఇంటి మగపిల్లాణ్ణి చేసేశారు.

హిజ్రాల గురించి మాట్లాడేటప్పుడు జనం ఒక్క క్షణం తడబడతారు, గమనించండి. 2014లో సుప్రీంకోర్టు మూడో జెండరును గుర్తించింది గానీ మన క్రియకి ఏకవచనంలో మూడో ముగింపు పుట్టలేదు. ‘వచ్చారు’ అని తప్పుకుంటున్నారు కొందరు. ఆ ‘వచ్చారు’ మర్యాదా, మొహమాటమా అన్నది గొంతు విన్నవాళ్ళకే తెలుస్తుంది.

మద్దిలపాలెంలో ఆటో డ్రైవరు: “ఇంకో సీటొస్తే ఎల్లిపోదాం.” ‘ఇంకొకరు’ అనొచ్చు కదా, సున్నా చుట్టేద్దామనుకుంటారు. ఆగండి. స్టాండులో అందరూ సీటనే అంటారు. ఎంచుకున్నది ఆ వృత్తి, ఆ ఒక్క మనిషి కాదు. దీనికి నేను సగం సున్నా పెడతాను.

అన్నింటికంటే మంచి కాగితం ఒక ఆసుపత్రి వార్డునుంచి వచ్చింది. ఒకావిడ తల్లి మంచం పక్కన కూర్చుని రాశారు. నర్సు గుమ్మం దగ్గర్నుంచి అరిచింది: “పదహారుకి సెలైన్ అయిపోయింది, మార్చండి!” రెండు నిమిషాల తర్వాత తనే వచ్చి సీసా మారుస్తూ, “మామ్మా, చెయ్యి మడవకు, సూది కదిలిపోద్ది” అంది. అదే మనిషి గుమ్మం దగ్గర పదహారు, మంచం దగ్గర మామ్మ. కాగితం పంపినావిడకి పదహారు అన్నందుకు కష్టం వేసింది. నాకు వెయ్యలేదు. వార్డులో అప్పలనరసమ్మలు ముగ్గురున్నారనుకోండి. ఒకరి మందు ఇంకొకరికి పడకుండా కాపాడేది ఆ పదహారే. వస్తువుల లెక్కలోకి దించిన ప్రతిసారీ మనిషిని చిన్నబుచ్చినట్టు కాదు. మేస్త్రీ ‘ఆరు’నీ నర్సు ‘పదహారు’నీ ఒకే గాటన కట్టొద్దు.

పేపర్లో ఒకటి. సముద్రంలో బోటు తిరగబడితే మొదటిరోజు ‘ఇద్దరు మత్స్యకారులు గల్లంతు’. తర్వాత ‘రెండు మృతదేహాలు లభ్యం’. లెక్క మారిపోయింది. ఇక్కడ ఇంటూ పెట్టాలి, దేహాలకి ‘ఇద్దరు’ రాదు. కానీ జాలారిపేటలో ఆ ఇంటివాళ్ళు రెండు అనరు. “ఇద్దరూ వొచ్చీసేరు” అంటారు, ఒడ్డుకి చేరినవి శవాలైనా సరే. ఇది వినాలంటే పేపరు చాలదు.

ఇక పేర్లు. చోటు తక్కువుంది, త్వరగా చెబుతాను.

పేరు మనిషికొక్కడికే ఉంటుందని అనుకోకండి. సీసాముక్కు డాల్ఫిన్లు ఒక్కొక్కటీ తనకంటూ ఒక ఈల తయారుచేసుకుంటాయి. ఆ ఈలని అనుకరించి వినిపిస్తే పలుకుతాయని 2013లో పరిశోధకులు చూపించారు. తేడా ఏమిటంటే డాల్ఫిను తన ఈలని తనే కట్టుకుంటుంది. మన పేరు మాత్రం మనకి నోరు రాకముందే ఇంకొకరు పెట్టేస్తారు, తర్వాత వాళ్ళే ఎక్కువగా వాడుకుంటారు. చట్టం కూడా తొందరపెట్టదు. పేరు లేకుండానే పుట్టుక నమోదవుతుంది, ఏడాదిలోపు పేరు చేర్పిస్తే రుసుము లేదు, తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ళ వరకూ చేర్పించవచ్చు. అప్పటిదాకా ఆసుపత్రి చీటీ మీద ‘బేబీ ఆఫ్ ఫలానా’.

మన వైపు పేర్లు చాలావరకు ఊరి దేవుళ్ళ ఖాతాలోవే. సింహాచలం అప్పన్న వల్ల అప్పారావులు, అప్పలరాజులు, అప్పలనాయుళ్ళు. అనకాపల్లి నూకాలమ్మ వల్ల నూకరాజులు. విజయనగరం పైడితల్లి వల్ల పైడిరాజులు. ఇవి అందరికీ తెలుసు, వదిలేద్దాం.

నాకు ఇష్టమైనది తవిటయ్య. తవిటమ్మ, తవిటినాయుడు కూడా. వరసగా పిల్లలు పోయిన ఇంట్లో ఇంకో బిడ్డ పుడితే, పొరుగింటావిడ చేతిలో పెట్టి గుప్పెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కునేవారు. పెంటయ్యదీ అదే దారి, పెంటకుప్పమీద పడుకోబెట్టి తెచ్చుకున్న బిడ్డ. పైకి చూస్తే మనిషిని తవుడు కింద జమకట్టారు. లోపల చూస్తే, మృత్యువు లెక్కలో పనికిరాని సరుకుగా రాయించి ఇంటి లెక్కలో మనిషిని దక్కించుకున్నారు. ‘పాపం, అలాంటి పేరా’ అని జాలిపడేవాళ్ళు దయచేసి ఆ తల్లి పక్కన నిలబడి వినండి. ఆఫీసుకి వెళ్ళాక తవిటినాయుడు టి. నాయుడు అయిపోతాడు. అది ఆయన ఇష్టం.

బయటివాళ్ళు పెట్టే పేరుకి ఈ వెసులుబాటు లేదు. ఓడలెక్కి రంగం (రంగూన్) పోయిన తెలుగువాళ్ళందరినీ బర్మావాళ్ళు కోరంగీలన్నారు. కోరంగి గోదావరి పక్కన ఒకప్పటి రేవు. విశాఖలో ఎక్కినా భీమిలిలో ఎక్కినా అక్కడ దిగేసరికి కోరంగీలే.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టమే. మీ ఇంట్లోనో వీధిలోనో ఒక మనిషిని ఎంచుకోండి. పొద్దున్న లేచిందగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఆ మనిషిని ఎవరెవరు ఏమని పిలిచారో రాయండి. పన్నెండు నోళ్ళకి తక్కువైతే ఇంకో రోజు కూర్చోండి. తర్వాత ఆ మనిషి అక్కడ లేనప్పుడు అదే పన్నెండుమంది ఏమంటున్నారో ఎదురుగా ఇంకో గడి గీసి నింపండి. ‘గారు’ ఎక్కడ రాలిపోయిందో, ‘గాడు’ ఎక్కడ చేరిందో, ‘ఆ గుంట’ (అంటే ఆడపిల్ల) ఎవరి నోట ముద్దు, ఎవరి నోట విసురో. సున్నాలు, సగం సున్నాలు, ఇంటూలు పెట్టాకే పంపండి. ఆ మనిషికి ముందే చెప్పి ఒప్పించుకోండి, పిలిచేవాళ్ళకి మాత్రం చెప్పొద్దు. అసలు పేరు కాగితం మీద రాయకండి, ఏదో ఒక అక్షరం పెట్టుకోండి.

పేర్ల అర్థాలు రాసి పంపిన కాగితాలు చదవను. వరసలు వచ్చే పాఠంలో చెబుతాను. అత్తని ఆంటీ చేసినవాళ్ళు అప్పటిదాకా ఆగండి.