వానాకాలంలో ఫైన్ ఆర్ట్ కాగితాలను పోల్చేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఇంక్‌జెట్ ప్రింటర్‌లో ఫోటోలు ముద్రించే రెండు కాగితాలు తీసుకోండి: హానెమ్యూలే ఫోటో రాగ్ 308 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు), కాన్సన్ రాగ్ ఫోటోగ్రఫీక్ 310. రెండూ నూరు శాతం కాటన్, రెండూ నునుపు మ్యాట్, అంటే మెరుపు లేనివి. ఇలాంటి జంటలో చెరో షీటు తీసి పక్కపక్కన పెడితే కనబడే తేడా చాలాసార్లు కాగితానిది కాదు. తేమదో, సెట్టింగుదో, లైటుదో అయి ఉంటుంది. వానాకాలంలో మరీనూ.

ముందు తేమ సంగతి. ప్యాకెట్లు విప్పకుండా ప్రింటర్ ఉన్న గదిలోనే ఒక రోజు ఉంచండి. గదిలో తేమ 40–60 శాతం మధ్య ఉంటే మంచిది. అంతకు మించితే కాటన్ తేమ పీల్చుకుని అంచులు అలలుగా లేస్తాయి. లేచిన అంచుకు ఇంకు చల్లే ప్రింట్ హెడ్ తగిలి మూల దగ్గర నల్లటి గీత పడుతుంది, హెడ్‌కూ దెబ్బే. షీటును మెల్లగా ఎదురు వంపు తిప్పి చదును చేయండి. అప్పటికీ తగులుతుంటే ప్లాటెన్ గ్యాప్‌ను (హెడ్‌కూ కాగితానికీ మధ్య ఎడం) వైడ్‌కు మార్చండి, కానీ రెండు కాగితాలకూ మార్చాలి. గ్యాప్ పెరిగితే చుక్కల పదును కొంచెం తగ్గుతుంది. ఒకదానికే మార్చి, అది మసకగా ఉందని తీసిపారేయడం అన్యాయం.

కాటన్ మీద సన్నటి పీచు ఉంటుంది. దాని మీద పడ్డ ఇంకు తర్వాత పీచుతో సహా రాలిపోతుంది, నల్లటి భాగంలో తెల్ల చుక్క మిగులుతుంది. ఫీడ్ చేసే ముందు షీటును నిలువుగా పట్టి మెత్తటి బ్రష్‌తో దులపండి. నోటితో ఊదకండి, తుంపర పడితే మచ్చే.

ప్రొఫైల్ (ఆ కాగితం మీద రంగులు ఎలా పడతాయో సాఫ్ట్‌వేర్‌కు చెప్పే ఫైలు) ఆ కాగితానికీ, మీ ప్రింటర్ మోడల్‌కూ చేసిందే కావాలి. దానితో చెప్పిన మీడియా టైప్‌నే (ప్రింటర్ సెట్టింగుల్లో కాగితం రకం) ఎంచుకోండి, ఎంత ఇంకు పడాలో తేల్చేది అదే. రంగుల అదుపు ఫోటో సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే డ్రైవర్‌లో (ప్రింటర్‌ను నడిపే ప్రోగ్రాంలో) ఆపేయాలి. రెండూ నడిస్తే రంగులు రెండుసార్లు మారతాయి, చాలాసార్లు బొమ్మ మజెంటా వైపు తిరుగుతుంది. నల్ల ఇంకు రెండు రకాలు: మ్యాట్‌కు మ్యాట్ బ్లాక్, బరైటాకు (మెరుపున్న ఫోటో కాగితానికి) ఫోటో బ్లాక్. నల్ల ఇంకు మార్చినప్పుడల్లా కొంత ఇంకు వృథా చేసే మోడళ్లు ఉన్నాయి, కాబట్టి మ్యాట్ ప్రింట్లన్నీ ఒకేసారి ముగించండి.

ఇష్టమైన సూర్యాస్తమయం పరీక్షకు పనికిరాదు. తెలుపు నుంచి నలుపు దాకా వరుసగా ముదిరే బూడిద రంగు పట్టీలు, ముదురు నీడలు, చర్మం రంగు, ఖాళీ ఆకాశం ఉన్న ఫైలు చాలు. ఇక తెలుపు. ఫోటో రాగ్‌లో ఆప్టికల్ బ్రైట్‌నర్ (కాగితం మరింత తెల్లగా కనబడేలా కలిపే రసాయనం) కొద్దిగా ఉంది, రాగ్ ఫోటోగ్రఫీక్‌లో లేదు. చీకట్లో యూవీ టార్చ్ వేస్తే బ్రైట్‌నర్ ఉన్నది నీలంగా మెరుస్తుంది. యూవీని ఆపే గాజు వెనక ఆ తెలుపు తగ్గుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ బ్రైట్‌నర్ కూడా బలహీనపడుతుంది. అందుకే ఒకసారి పగటి వెలుగును పోలిన 5000 కెల్విన్ లైటులో, మరోసారి ప్రింటు వేలాడే చోట చూడండి.

24 గంటలు ఆరనిచ్చాకే తీర్పు. ఈలోగా ఒకదాని మీద ఒకటి పేర్చకండి. మ్యాట్ మీద వేలు రుద్దినా మెరుపు గీత పడుతుంది. కాగితం పేరు, ప్రొఫైల్, మీడియా టైప్ మార్జిన్‌లోనే పెన్సిల్‌తో రాయండి, బొమ్మ వెనక రాస్తే అచ్చు పడుతుంది. మిగిలిన షీట్లు వెంటనే సంచిలో పెట్టి, గాలి తీసి, చదునుగా పడుకోబెట్టండి.